పెళ్లి కాలేదు, బిడ్డ మాత్రం నాదే. చట్టం ఏమంటుంది?

పలాసలో జీడిపప్పు పని చేసుకునే ఒక కుర్రాడు ఉన్నాడనుకోండి. ఒకమ్మాయితో కలిసి బతికాడు, తాళి కట్టలేదు. పాప పుట్టింది. గొడవలొచ్చి, ఆమె పాపని తీసుకుని చీపురుపల్లిలో పుట్టింటికి వెళ్లిపోయింది. ఆదివారం ఇతను రైలెక్కి వెళ్లాడు, చేతిలో చిన్న చెప్పుల జత. పాప పాదం ఎంత పెరిగిందో తెలియక అందాజుగా కొన్నాడు. గుమ్మం దగ్గరే ఆపేశారు. “పెళ్లి చేసుకున్నావా? నువ్వెవరివి?” అన్నారు. చెప్పులు అరుగు మీద పెట్టి తిరిగొచ్చాడు.

[తెర మీద: అరుగు మీద చిన్న చెప్పులు]

నిజానికి అతను ఎవరూ కాకుండా పోలేదు. హిందువులకు వర్తించే 1956 నాటి మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం సెక్షన్ 6 ప్రకారం, పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డకు మొదటి గార్డియన్, అంటే చట్టం గుర్తించే సంరక్షకురాలు, తల్లి. ఆమె తర్వాత తండ్రి. తండ్రికి నోటీసు ఇవ్వకుండానే పెళ్లికాని తల్లి గార్డియన్ కావచ్చని 2015లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాబట్టి “నేను తండ్రిని, నా బిడ్డని ఇచ్చెయ్యండి” అంటే కోర్టులో నిలబడదు. అయితే అదే చట్టం సెక్షన్ 13 బిడ్డ సంక్షేమమే అన్నిటికన్నా ముఖ్యం అంటోంది. తండ్రికి దారి అక్కడుంది.

నా సలహా అడిగితే, కస్టడీ కన్నా ముందు చూసే హక్కు అడగండి. అమ్మానాన్నలిద్దరి ప్రేమా బిడ్డ హక్కని, దూరంగా ఉన్నవాళ్లకి వీడియో కాల్స్ అయినా ఉండాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అది పెళ్లయినవాళ్ల కేసే. అయినా ఆ మాట బిడ్డ వైపు నుంచి వచ్చింది, మీ లాయరు చూపించవచ్చు.

కేసు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద వేయాలి. బిడ్డ ఎక్కడ ఉంటే అక్కడే వేయాలి. మన కుర్రాడిది శ్రీకాకుళం జిల్లా, పాప ఉండేది విజయనగరం జిల్లా. అందుకని విజయనగరం వెళ్లాల్సిందే. “ఆదివారం రెండు గంటలు, బుధవారం వీడియో కాల్” అని పిటిషన్‌లో స్పష్టంగా రాయించండి. కేసు తేలేలోపు తాత్కాలిక ఆర్డరూ అడగొచ్చు.

జనన ధృవీకరణ పత్రంలో మీ పేరు, ఆసుపత్రి కాగితాలు, పంపిన డబ్బుల లెక్క, ఫొటోలు దాచుకోండి. తండ్రివి కాదంటే డీఎన్ఏ పరీక్ష కోరవచ్చు, కానీ అడగ్గానే కోర్టు ఒప్పుకోదు.

దయచేసి ఒక్క మాట వినండి. చూడనివ్వట్లేదని పాపకి డబ్బు ఆపకండి. పెళ్లయినా కాకపోయినా పోషణ మీ బాధ్యతేనని బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 144 చెబుతోంది. ఎత్తుకొచ్చే ఆలోచన అసలే వద్దు, కేసు మీ మీదికే తిరుగుతుంది.

లాయరుకి డబ్బుల్లేవని టెన్షన్ పడకండి. 15100కి ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి. ఎస్సీ, ఎస్టీలకు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు అక్కడ ఉచితంగా లాయరుని ఇస్తారు.