‘ప్లేటు ఎంత?’ అంటే జవాబు లేని హోమ్‌పేజీ | హైదరాబాద్ క్యాటరింగ్ సైట్ రివ్యూ

నమస్కారం అండీ. ఈ రోజు మనం చూడబోయేది దిల్‌సుఖ్‌నగర్ వైపు క్యాటరింగ్ చేసే ఒక కుటుంబం వాళ్ల వెబ్‌సైట్. పేరు, నంబరు బ్లర్ చేశాను, వాళ్లు అలాగే అడిగారు. సైట్‌కి జనం వస్తున్నారు, ఫోన్లు మాత్రం రావడం లేదు. ఇదీ వాళ్ల సమస్య. గూగుల్‌లో వాళ్ల వంట గురించి జనం రాసినవి చదివాను. గుత్తి వంకాయ కూర గురించి, చివరి బంతి దాకా వేడి తగ్గకుండా వడ్డించారని, ఎంత బాగా రాశారో! అంత మంచి చేతివంట ఉన్నవాళ్లకి సైట్ వల్ల ఆర్డర్లు పోతుంటే నాకు మనసు ఒప్పలేదు. అందుకే ఈసారి కాస్త వివరంగానే చూద్దాం.

ఫోన్‌లోనే చూద్దాం. పెళ్లి భోజనాల కోసం వెతికేవాళ్లు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని వెతకరు. ఫంక్షన్ హాల్‌కి అడ్వాన్స్ ఇచ్చి బయటికొచ్చి, కారెక్కకముందే ఫోన్ తీస్తారు. గూగుల్ కూడా అంతే, సైట్లని ఫోన్ వెర్షన్ చూసే లెక్కలోకి తీసుకుంటుంది. 2016లో ప్రకటించిన ఆ మార్పుని 2023లో పూర్తి చేసింది.

సరే, ఓపెన్ చేస్తున్నాను. చూడండి, తెల్ల స్క్రీన్... ఇంకా తెల్ల స్క్రీనే... ఆ, వచ్చింది. పైన లోగో, దాని కింద మారిపోతూ ఉండే ఫోటోలు. మొదటి ఫోటోలో పొడవాటి తెల్ల టోపీ పెట్టుకున్న విదేశీ వంటాయన. రెండోది పాస్తా. మూడోదానికి గానీ మన విస్తరి రాలేదు. ఫోటోల మీద ఇంగ్లీషులో ‘వెల్‌కమ్ టు అవర్ వెబ్‌సైట్, వుయ్ ఆర్ ఎ లీడింగ్ క్యాటరింగ్ సర్వీస్ ప్రొవైడర్’ అని ఉంది.

ఒక్క నిమిషం ఇక్కడ ఆగుదాం. నేను ఆడపిల్ల తండ్రిని అనుకోండి. నవంబరులో పెళ్లి, నాలుగు వందల మంది, హాలు కర్మన్‌ఘాట్‌లో. నాకు తెలియాల్సింది మూడే: అంత మందికి మీరు చేయగలరా, మా వైపు వస్తారా, ఎంతవుతుంది. ఈ స్క్రీన్‌లో వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు. స్వాగతం చెప్పారు, మేమే ముందున్నామని చెప్పుకున్నారు, అంతే. ఆ ‘లీడింగ్’ అనే మాట ఏ క్యాటరింగ్ సైట్ తీసినా ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ చదవరు కూడా.

మారిపోయే ఫోటోల సంగతి కూడా చెప్పేస్తాను. దీన్ని స్లైడర్ అంటారు. అమెరికాలో నోటర్ డామ్ యూనివర్సిటీ వాళ్ల సైట్‌లో ఇలాంటి స్లైడర్ మీద ఎంతమంది క్లిక్ చేస్తున్నారో లెక్క తీసి 2013లో బయటపెట్టారు. వచ్చిన వంద మందిలో క్లిక్ చేసింది దాదాపు ఒక్కరు. ఆ క్లిక్కుల్లో కూడా ఎక్కువ భాగం మొదటి ఫోటో మీదే. అంటే మన విస్తరి మూడో ఫోటోలో ఉంటే లేనట్టే. ఒక్క ఫోటో చాలు. మీ వంటే, మీ వడ్డనే. అరిటాకులో పులిహోర, పప్పు, ఆవకాయ, పక్కన నెయ్యి గిన్నె పట్టుకున్న మీ మనిషి. పాస్తా మీ మెనూలో ఉంటే లోపల ఎక్కడైనా పెట్టుకోండి.

దాని మీద రాయాల్సిన మాట నేను రాసి చూపిస్తాను. ఇదిగో: ‘పెళ్లి, గృహప్రవేశం, సీమంతం భోజనాలు. 50 మంది నుంచి 1000 మంది దాకా. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్, వనస్థలిపురం, నాగోల్, ఉప్పల్.’ ఇందులో గొప్పలేమీ లేవు, గమనించారా? చదివినవాళ్లకి మాత్రం ‘మా పని వీళ్లు చేస్తారు, మా వైపు వస్తారు’ అని వెంటనే తెలిసిపోతుంది. అంకెలు మీకు నిజంగా చేతనైనవే వేయండి. వెయ్యి మందికి సరిపడా సామాను, మనుషులు లేకపోతే వెయ్యి అని రాయకండి. ఏరియాల పేర్లు కూడా అలాగే. కూకట్‌పల్లి దాకా వెళ్లగలిగితేనే కూకట్‌పల్లి. సాయంత్రం ట్రాఫిక్‌లో వేడి గిన్నెలతో నగరం ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లడమంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక్కడే ఇంకొకటి. ఈ బ్యానర్ కింద తెలుగులో ఒక చక్కని వాక్యం ఉంది, ‘మీ ఇంటి శుభకార్యం, మా ఇంటి వంట’ అని. నాకు చాలా నచ్చింది. కానీ వేలుతో నొక్కి పట్టుకుంటే అక్షరాలు సెలెక్ట్ కావడం లేదు, చూడండి. ఎందుకంటే అది బొమ్మ. బ్యానర్లు కొట్టే డీటీపీ షాపులో అను ఫాంట్‌లో టైప్ చేయించి, ఆ బొమ్మని తెచ్చి ఇక్కడ అతికించారు. బొమ్మలో ఉన్నదాన్ని గూగుల్ మామూలు అక్షరాల్లా లెక్కలోకి తీసుకోదు. చిన్న ఫోన్‌లో అది ఇంకా చిన్నదైపోతుంది. కళ్లజోడు పెట్టుకున్న పెద్దవాళ్లు చదవలేరు. అదే వాక్యాన్ని యూనికోడ్‌లో, అంటే ఫోన్లూ గూగులూ అక్షరాలుగానే గుర్తించే పద్ధతిలో, టైప్ చేయండి. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. డెవలపర్‌కి మాత్రం ఒక మాట చెప్పండి: వరసల మధ్య ఖాళీ ఇంగ్లీషుకి ఇచ్చినంత ఇస్తే తెలుగుకి సరిపోదు. ‘శుభకార్యం’లో య వత్తు కిందికి దిగుతుంది కదా, అది కింది వరసలోని గుడికి తగులుకుంటుంది. అక్షరం సైజుకి కనీసం ఒకటిన్నర రెట్ల కంటే ఎక్కువే లైన్ హైట్ పెట్టమనండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. రేటు.

పేజీ మొత్తం కిందికి జరుపుతున్నాను... ఎక్కడా రేటు లేదు. ‘బెస్ట్ ప్రైస్ కోసం సంప్రదించండి’ అని ఉంది. ఓనర్ గారిని ఫోన్‌లో అడిగాను, ఎందుకు పెట్టలేదని. ‘రేటు పెడితే పక్కవాళ్లు చూసి పది రూపాయలు తగ్గించి చెప్తారండీ’ అన్నారు. ఆ భయం నాకు అర్థమైంది. కానీ పక్కవాళ్లకి మీ రేటు కావాలంటే పెళ్లివాళ్లమని చెప్పి ఒక్క ఫోన్ చేస్తే చాలు. కాబట్టి రేటు దాచడం వల్ల వాళ్ల నుంచి మీకు కాపుదల ఏమీ రావడం లేదు. పోయేదల్లా కస్టమరే. క్యాటరింగ్ వాళ్లకి ఫోన్ చేసిన ప్రతి మనిషీ మొదట అడిగేది ‘ప్లేటు ఎంతండీ’ అనే కదా. ఆ ప్రశ్నకి మీ సైట్ జవాబు చెప్పకపోతే వాళ్లు మీకు ఫోన్ చేయరు, చెప్పిన ఇంకో సైట్ దగ్గర ఆగిపోతారు. తెలియని మనిషికి ఫోన్ చేసి బేరం మాట్లాడటం చాలామందికి ఇబ్బంది. అడిగి, ఎక్కువైతే వద్దని చెప్పడానికి మొహమాటం. ముందే తెలిస్తే ఆ మొహమాటం ఉండదు.

అలాగని ఒక్క అంకె పడేసి ఊరుకోమనను. మూడు మెనూలు పెట్టండి. ప్రతి మెనూ కింద ఐటమ్స్ అన్నీ పేర్లతో సహా రాయండి. ఉదాహరణకి మామూలు వెజ్: పులిహోర, తెల్లన్నం, ముద్దపప్పు, గుత్తి వంకాయ, బెండకాయ వేపుడు, సాంబారు, గోంగూర పచ్చడి, అప్పడం, పెరుగు, బూరె. దాని పక్కన ‘ఇంత నుంచి’ అని ప్లేటు రేటు, ఎంతమందికి ఆ రేటు వర్తిస్తుందో కూడా. తర్వాత స్పెషల్ వెజ్. తర్వాత నాన్‌వెజ్, బగారా అన్నం, చికెన్, మటన్‌తో. అంకెలు మీ కొనుగోలు ధరలు చూసుకుని మీరే వేయాలి, నేను చెప్పను.

అంతకంటే ముఖ్యమైంది ఇంకోటి: ఆ రేటులో ఏమేం కలిసి ఉన్నాయో రాయడం. వడ్డించే మనుషులు కలిపేనా, విడిగానా? అరిటాకా, బఫే ప్లేటా? వాటర్ బాటిల్ ఉందా? ట్రాన్స్‌పోర్ట్, గ్యాస్ ఎవరివి? చెప్పిన మందికంటే ఎక్కువ వస్తే అదనపు ప్లేటుకి ఏ లెక్క? మిగిలింది ఇంటికి పంపిస్తారా? ఫంక్షన్ అయ్యాక గొడవలు వచ్చేది కూర రుచి దగ్గర కాదు, ఎక్కువగా ఈ లెక్కల దగ్గరే. ఇవి హోమ్‌పేజీలోనే రాసి ఉంటే, చదివిన తండ్రికి సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది. ‘వీళ్లు తర్వాత కొత్త ఖర్చులు చెప్పరు’ అన్న నమ్మకం ఒకటి కుదురుతుంది. ఈ వీడియోలో చెప్పినవాటిలో ఒక్క మార్పే చేస్తాం అంటే, ఇది చేయండి.

తర్వాత ఫోన్ నంబరు. పైన పెద్దగానే ఉంది, మంచిది. నొక్కుతున్నాను... ఏమీ కావడం లేదు. ఇదీ బొమ్మే. నంబరుని గుర్తుపెట్టుకుని డయలర్‌లోకి వెళ్లి కొట్టుకోవాలి. ఎవరు కొడతారండీ? డెవలపర్‌కి ‘టెల్ లింక్ పెట్టండి’ అంటే చాలు, నంబరు నొక్కగానే కాల్‌కి వెళ్తుంది, ఐదు నిమిషాల పని. పక్కనే వాట్సాప్ బటన్. దానికి కూడా లింక్ ఉంటుంది: డబ్ల్యూఏ డాట్ ఎంఈ, స్లాష్, 91, తర్వాత మీ పదంకెల నంబరు. ప్లస్ గుర్తు, ముందు సున్నా వద్దు. ఆ లింక్‌లోనే ముందుగా మెసేజ్ నింపి పెట్టొచ్చు. ‘ఫంక్షన్ తేదీ, ఎంతమంది, ఏ ఏరియా, వెజ్ లేదా నాన్‌వెజ్’ అని నింపి పెడితే, వాళ్లు ఖాళీలు పూర్తి చేసి పంపేస్తారు. మీకూ ‘హాయ్’ అన్న మెసేజ్‌కి ఎదురు ప్రశ్నలు వేసే పని తప్పుతుంది.

ఆ కింద పెద్ద ఫారం ఉంది. ఇంటి పేరు, ఈమెయిల్, పిన్‌కోడ్, ‘మా గురించి ఎలా తెలిసింది’... తీసేయండి. తేదీ, మంది, ఏరియా, ఫోన్ నంబరు చాలు. బటన్ మీద ‘సబ్మిట్’ బదులు ‘మెనూ, రేటు పంపండి’ అని రాయండి. నంబరు ఎందుకు తీసుకుంటున్నారో కింద ఒక వాక్యం కూడా ఉండాలి. వ్యక్తిగత డేటా మీద 2023లో చట్టమే వచ్చింది. అది పక్కన పెట్టినా, నంబరు ఇస్తే రోజూ ప్రకటనలు వస్తాయేమోనన్న భయం జనానికి ఉంది.

ఇది చాలామంది చూసుకోని విషయం, దగ్గరగా చూడండి. ఈ సైట్ లింక్‌ని నా వాట్సాప్‌లో నాకే పంపుకుంటున్నాను. ఏం కనిపిస్తోంది? ‘హోమ్ – జస్ట్ అనదర్ వర్డ్‌ప్రెస్ సైట్’. ఫోటో లేదు. వర్డ్‌ప్రెస్ అంటే ఈ సైట్‌ని తయారుచేసిన సాఫ్ట్‌వేర్. అది తనంతట తాను పెట్టిన మాట ఇది, ఎవరూ మార్చలేదు. పెళ్లి భోజనాల నిర్ణయం ఒక్కరు తీసుకోరు కదా. అబ్బాయి మాదాపూర్ ఆఫీసులో కూర్చుని వెతికి లింక్‌ని ఫ్యామిలీ గ్రూపులో వేస్తాడు. అమ్మ, మేనమామ, డాలస్‌లో ఉన్న అక్క అందరూ చూసేది ముందు ఆ చిన్న డబ్బానే. అందులో మీ పేరు, ‘పెళ్లి భోజనాలు, ఎల్బీ నగర్’ అన్న మాట, మీ విస్తరి ఫోటో కనిపించాలి. డెవలపర్‌తో ‘ఓపెన్ గ్రాఫ్ ట్యాగులు పెట్టండి’ అనండి, వాళ్లకి అర్థమవుతుంది.

స్పీడ్. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అని గూగుల్ వాళ్లది, ఉచితం. అడ్రస్ ఇచ్చి నొక్కితే చాలు. ఎల్‌సీపీ అన్న అంకె చూడండి, అంటే పేజీలో పెద్ద భాగం కనిపించడానికి పట్టే సమయం. 2.5 సెకన్లలోపు ఉంటే బాగున్నట్టు. ఇక్కడ ఎర్రగా ఉంది. కారణం వెతికితే ఇదిగో, ఫోన్‌లో తీసిన ఫోటోలని తీసినట్టే ఎక్కించారు, ఒక్కోటి ఎంబీల్లో. ఫోన్ స్క్రీన్‌కి అంత సైజు అక్కర్లేదు. వెడల్పు తగ్గించి వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మారిస్తే చాలావరకు రెండు వందల కేబీలోపే వచ్చేస్తాయి.

నమ్మకం కలిగించే భాగం. ఫుడ్ లైసెన్స్ నంబరు, అదే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల నంబరు, వీళ్లకి ఉంది. కానీ ‘మా గురించి’ పేజీలో, ఎక్కడో అడుగున. హోమ్‌పేజీలోకి తెండి. గూగుల్‌లో జనం రాసిన మాటల్లోంచి మూడు నాలుగు ఇక్కడ చూపించండి, ఏ ఫంక్షనో, ఏ ఏరియానో కూడా. సొంతంగా రివ్యూలు రాసుకోవడం మాత్రం వద్దు. ఆన్‌లైన్ రివ్యూల మీద బీఐఎస్, అంటే వస్తువులకీ సేవలకీ ప్రమాణాలు పెట్టే కేంద్ర ప్రభుత్వ సంస్థ, 2022లో ఐఎస్ 19000 అని ఒక ప్రమాణమే తెచ్చింది. పైగా మీకు నిజమైనవే బోలెడు ఉన్నాయి! ఫంక్షన్ ఫోటోలు వాడేటప్పుడు ఆ కుటుంబాన్ని అడిగి వాడండి. మనుషుల ముఖాలు లేకుండా వంటశాల ఫోటోలు పెట్టినా చాలు. శుభ్రంగా ఉన్న గాడిపొయ్యి, తోమిన డేగిసాలు, తలకి క్యాప్ పెట్టుకున్న వంటవాళ్లు. ఏ ఆడపడుచైనా ముందు చూసేది అదే.

పరుగెత్తే అక్షరాలు, విజిటర్ కౌంటర్, పాప్‌అప్, మూడూ తీసేయండి.

మార్చాక ఫలితం ఎలా తెలుస్తుంది? ఆర్డర్ పుస్తకంలో ఒక గడి పెంచండి. ఫోన్ చేసిన ప్రతి ఒక్కరినీ ‘మా గురించి ఎక్కడ చూశారండీ’ అని అడిగి అందులో రాయండి. ఫారంలో తీసేయమన్న ప్రశ్న ఇదే, మాటల్లో అడిగితే ఎవరికీ బరువనిపించదు. ఒక జాగ్రత్త: ఆషాఢంలో సైట్ మార్చి, శ్రావణంలో ఫోన్లు పెరిగాయని సంబరపడకండి. శ్రావణంలో ముహూర్తాలుంటాయి కాబట్టి ఎలాగూ పెరుగుతాయి. మూఢంలో తగ్గితే సైట్‌ని తప్పుపట్టకండి. శ్రావణాన్ని పోయిన శ్రావణంతోనే పోల్చండి, అదీ ముహూర్తాలు ఎన్ని ఉన్నాయో చూసుకుని. పోయినేటి పుస్తకం దాచిపెట్టే ఉంటారు కదా, దాన్ని పక్కన పెట్టుకుని లెక్క చూసి నాకు చెప్పండి. అంకెలు వచ్చాక ఈ సైట్‌నే మళ్లీ ఓపెన్ చేసి చూద్దాం. ఉంటానండీ.