సంక్రాంతి తేదీ ఎందుకు జరుగుతోంది?

[తెర మీద: 1863 జనవరి నెల క్యాలెండరు]

1863 జనవరి 12న కలకత్తాలో స్వామి వివేకానంద పుట్టారు. ఆ రోజు మకర సంక్రాంతి. అవును, పన్నెండో తేదీనే! ఇప్పుడు మనం 14న, కొన్నేళ్లు 15న చేసుకుంటున్నాం. నూట అరవై ఏళ్లలో పండుగ రెండు రోజులు ఆలస్యమైంది. ఎలా?

ముందు సూర్యుడి సంగతి చూద్దాం. ఏటా డిసెంబరు 21 లేదా 22న సూర్యుడు దక్షిణాన చివరి అంచుకు చేరి, అక్కడి నుంచి ఉత్తరానికి మళ్లుతాడు. మన అర్ధగోళంలో ఏడాది మొత్తానికి అదే పొడవైన రాత్రి. మర్నాటి నుంచి పగలు పెరుగుతుంది.

[తెర మీద: ఎర్రని దానిమ్మ గింజలు నిండిన పళ్లెం]

ఇరాన్‌లో ఆ రాత్రి పేరు యల్దా. కుటుంబమంతా తాతయ్య, నానమ్మల ఇంటికి చేరుతుంది. ఒలిచిన దానిమ్మ గింజలు, పుచ్చకాయ ముక్కలు, పిస్తా, బాదం మధ్యలో పెట్టుకుని అర్ధరాత్రి దాటేదాకా కబుర్లు చెప్పుకుంటారు. హాఫిజ్ కవితల సంపుటిని ఎవరో ఒకరు కళ్లు మూసుకుని తెరుస్తారు. వచ్చిన పుటలోని పద్యాన్ని పెద్దవాళ్లు చదివి, అడిగినవారి భవిష్యత్తు చెబుతారు. చలికాలపు చీకటిని ఇంత ఆప్యాయంగా సాగనంపే పండుగ నాకు మరొకటి తెలియదు. చైనాలోనూ ఇదే సమయానికి దొంగ్‌ఝీ వస్తుంది. దక్షిణ ప్రాంతాల్లో ఆ రోజు జిగురు బియ్యప్పిండి ఉండలు వండుతారు. చూడగానే మన ఉండ్రాళ్లు గుర్తొస్తాయి. ఈ రెండు పండుగలూ సూర్యుడినే నమ్ముకున్నాయి కాబట్టి చోటు మారలేదు.

స్వీడన్ కథ వేరు. అక్కడ డిసెంబరు 13 తెల్లవారుజామున తెల్లటి గౌను, ఎర్రటి నడికట్టు వేసుకున్న అమ్మాయి తల మీద కొవ్వొత్తుల కిరీటంతో పాడుతూ వస్తుంది. ఆమే లూసియా. వెనక వచ్చే పిల్లల చేతుల్లో కుంకుమపువ్వు కలిపిన పసుప్పచ్చని బన్నులు ఉంటాయి. మెలితిప్పిన రెండు కొసల్లోనూ ఒక్కో ఎండుద్రాక్ష. పాత జూలియన్ క్యాలెండరులో, 14వ శతాబ్దం నాటికి, పొడవైన రాత్రి సరిగ్గా ఆ తేదీకే వచ్చేది. 1753లో స్వీడన్ క్యాలెండరు మార్చింది. ఫిబ్రవరి 17 తర్వాత నేరుగా మార్చి 1 వచ్చింది. పొడవైన రాత్రి డిసెంబరు 21కి వెళ్లినా లూసియా మాత్రం 13నే ఉండిపోయింది.

[తెర మీద: తిరుగుతున్న బొంగరం]

ఇక మన సంక్రాంతి. మనవాళ్లు తేదీని కాదు, నక్షత్రాలను పట్టుకున్నారు. నక్షత్రాల మధ్య సూర్యుడు మకరరాశిలో ప్రవేశించిన రోజే మనకు పండుగ. అయితే భూమి అక్షం స్థిరంగా ఉండదు. వేగం తగ్గిన బొంగరం తల తిప్పినట్టు, దాదాపు 26,000 ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతుంది. అందువల్ల నక్షత్రాలతో లెక్కించే ఏడాది, రుతువులతో లెక్కించే ఏడాది కంటే సుమారు 20 నిమిషాలు పెద్దది. 72 ఏళ్లు గడిచేసరికి ఆ నిమిషాలన్నీ కలిసి ఒక రోజు అవుతాయి. వివేకానందుడి కాలం నుంచి మనకు తగిలిన రెండు రోజుల తేడా ఇదే.

ఇదే లెక్కతో వెనక్కి వెళితే, సుమారు 1,700 ఏళ్ల క్రితం మకర సంక్రమణమూ, సూర్యుడు ఉత్తరానికి మళ్లడమూ ఒకే రోజు జరిగేవి. సంక్రాంతిని ఉత్తరాయణ పుణ్యకాలం అనడం ఊరికే రాలేదు! పంచాంగం తప్పిందని ఎవరైనా అంటే నాకు బాధేస్తుంది. అది పట్టుకున్న నక్షత్రాన్ని వదల్లేదు, అంతే. వచ్చే శతాబ్దంలో సంక్రాంతి 15, 16 తేదీలకు జరుగుతుంది.

[తెర మీద: డాబా, తూర్పున కొబ్బరి చెట్లు]

ఈసారి డిసెంబరు 22న తెల్లవారుజామునే డాబా ఎక్కండి. సూర్యుడు ఏ చెట్టు పక్కన పైకి వచ్చాడో గుర్తు పెట్టుకోండి. సంక్రాంతి ఉదయం అక్కడే నిలబడి మళ్లీ చూడండి. ఎడమ వైపుకు, దాదాపు నాలుగు సూర్యబింబాల వెడల్పు జరిగి ఉంటాడు.