టోగా కట్టుకోవడం ఎలా? దోపుడు లేని రోమన్ కట్టు

నమస్కారం. పంచె అయినా చీర అయినా మనం నడుము దగ్గర దోపుతాం. దోపుడు గట్టిగా ఉంటే పరుగెత్తినా కట్టు జారదు. ప్రాచీన రోమన్లు ఒంటికి చుట్టుకునే టోగాలో ఆ ఏర్పాటే లేదు. దోపుడు లేదు, బొత్తాం లేదు, పిన్నీసు లేదు. దాదాపు రెండున్నర కిలోల ఉన్ని బట్ట మొత్తం ఎడమ భుజం మీద, మడిచి పెట్టుకున్న ఎడమ చేతి మీద ఆగుతుంది. అంటే టోగా వేసుకున్నంతసేపూ ఎడమ చెయ్యి ఇంక దేనికీ పనికిరాదు. అసలు సంగతి అదే. ఒళ్లు వంచి పని చేయనక్కర్లేని వేళ వేసుకునే బట్ట ఇది: కోర్టుకి, సభకి, పూజకి, పొద్దున్నే పెద్దమనిషి గుమ్మం ముందు నిలబడటానికి.

ఇది రోమన్ పౌరుడి హక్కు కూడా. పరదేశి వేసుకోకూడదు. క్లాడియస్ చక్రవర్తి ముందుకి ఒకసారి ఒక కేసు వచ్చింది. పౌరసత్వం లేకుండానే ఉన్నట్టు చలామణి అయ్యాడని ఒకడి మీద ఆరోపణ. వాడు టోగాలో వాదించాలా, గ్రీకు పైబట్టలోనా అని వకీళ్లు తగువు పడ్డారు. అవతలివాళ్లు నిందిస్తున్నప్పుడు ఒకటి, తనవాళ్లు సమర్థిస్తున్నప్పుడు ఇంకొకటి, మార్చి మార్చి వేసుకోమన్నాడు చక్రవర్తి!

సరే, బట్ట దగ్గరికి వద్దాం. మనం కట్టబోయేది క్రీస్తుశకం 1వ శతాబ్దపు పెద్ద టోగా. 5 అడుగుల 7 అంగుళాల మనిషికి పొడవు 5.5 మీటర్లు, నడిమధ్య వెడల్పు 2.25 మీటర్ల దాకా కావాలి. అంత పన్నా ఉన్న బట్ట బజార్లో దొరకదు కాబట్టి, 44 అంగుళాల పన్నాలో 5.5 మీటర్ల ముక్కలు రెండు తీసుకుని పొడుగునా జోడించి కుట్టండి. సన్నటి ఉన్ని అయితే మేలు, చదరపు మీటరుకి 300 గ్రాములు తూగేది. గొంగడి వద్దు, బిరుసుగా ఉండి మడత నిలవదు. పాలిస్టర్, సిల్కు అసలే వద్దు. ఉన్ని పోగు మీద కంటికి కనపడని పొలుసులుంటాయి, అందుకే ఉన్ని మీద ఉన్ని పడితే పట్టుకుంటుంది. పిన్నీసు చేసే పని ఇక్కడ ఆ పట్టే చేస్తుంది. నునుపు బట్ట అయితే మూడు అడుగులు వేసేసరికి మొత్తం మోచేతి మీదికి జారిపోతుంది.

ఇప్పుడు ఆకారం. టోగా చతురస్రం కాదు. గుండ్రంగా, సరిగ్గా కత్తిరించి ఉండాలంటాడు క్వింటిలియన్. రోములో వక్తృత్వం నేర్పిన గురువు, ఈ వీడియోలో ఆయన పేరు చాలాసార్లు వినపడుతుంది. బట్టను నేల మీద పరవండి. పై అంచు నుంచి 75 సెంటీమీటర్లు దిగి, పొడుగునా సుద్దతో ఒక గీత గీయండి. ఆ గీత రెండు కొసలే టోగా రెండు మొనలు. గీతకి పైన చిన్న వంపు, కింద పెద్ద వంపు రావాలి. నడిమధ్యలో పైన 75 సెంటీమీటర్లు, కింద దాదాపు మీటరున్నర. ఒక్కో మొన నుంచి 1.37 మీటర్ల దగ్గర పైన 56, కింద 112 సెంటీమీటర్లు గుర్తు పెట్టుకుని చుక్కలన్నీ చేత్తో కలపండి. కత్తిరించాక అంచు మడిచి కుట్టండి. ఎర్రటి ఊదా అంచు కుట్టారంటే అది టోగా ప్రేటెక్స్టా అవుతుంది. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లకీ, కొందరు పూజారులకీ, పిల్లలకీ మాత్రమే చెల్లుతుంది. మామూలు పౌరుడికి అంచు లేని తెల్లటిది చాలు. ఎన్నికల్లో నిలబడేవాడైతే సుద్ద పూసి ఇంకా తెల్లగా చేసుకునేవాడు. ఆ తెల్ల టోగాని కాండిడా అనేవారు. అభ్యర్థిని ఇంగ్లీషులో క్యాండిడేట్ అనడం అక్కడినుంచే వచ్చింది.

లోపల ట్యూనిక్ ఉండాలి, మోకాళ్ల దాకా వచ్చే వదులు చొక్కా లాంటిది, నడుముకి పటకా. దీనికీ క్వింటిలియన్ కొలత చెప్పాడు: ముందు మోకాలికి కాస్త కిందికి, వెనక మోకాలి మడత మధ్య దాకా. ఇంకా కిందికి దిగితే ఆడవాళ్ల బట్ట, పైకి పోతే సైనికాధికారి బట్ట అట.

ఇంక కడదాం. పక్కన ఒక మనిషి ఉండాలి. రోములో ఆ పని బానిసది, మీ ఇంట్లో ఎవరిదో మీరే చూసుకోండి.

ముందు సుద్ద గీత దగ్గర బట్టను మడవండి, చిన్న వంపు బయటికి పడేలా. ఆ మడత అంచే మన దారి, ఎప్పుడూ మెడ వైపే ఉండాలి. ఒక మొనను వెనక నుంచి ఎడమ భుజం మీదుగా ముందుకి వదలండి. మొన రెండు పాదాల మధ్యకి, చీలమండ దాకా దిగాలి. మడత అంచు ఛాతీ మధ్యకి, వంపు అంచు ఎడమ చేతిని కప్పుతూ. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: మొనను పొట్ట దాకానే వదులుతారు. అప్పుడు చివర్లో పైకి లాగడానికి బట్ట మిగలదు. నేలకి తగిలేంత వదిలితే ఎడమ కాలు దాన్నే తొక్కుతుంది.

మిగిలిన బట్ట వెనక వేలాడుతోంది కదా. దాన్ని వీపు మీదుగా ఏటవాలుగా తెచ్చి, కుడి చంక కింద నుంచి ముందుకి తీసుకోండి. కుడి చెయ్యి పూర్తిగా బయటే ఉంటుంది. మడత అంచు వెంట నాలుగైదు కుచ్చిళ్లు పెట్టండి, పైట కుచ్చిళ్లంత వెడల్పు చాలు. ఆ కుచ్చిళ్ల కట్ట నడుము నుంచి ఏటవాలుగా ఎడమ భుజం మీదికి వెళ్లాలి. దీని పేరు బల్తెయుస్, అంటే కత్తి వేలాడదీసుకునే పట్టీ. "పీక నొక్కకూడదు, జారిపోకూడదు" అన్నది క్వింటిలియన్ లెక్క. మీ పిడికిలి పట్టేంత సందు దాని కింద ఉందో లేదో చూసుకోండి. మిగిలిన కొసను భుజం మీదుగా వీపు వెనక్కి వదిలేయండి. రెండోసారి భుజం మీద వేసిన పొర కాస్త కిందికే ఉండనివ్వండి, అలాగైతేనే కుదురుగా కూర్చుంటుంది.

ముందు వైపు చూడండి. బయటికి పడ్డ చిన్న వంపు కుడి మోకాలి దాకా జోలెలా వేలాడుతోంది. దీని పేరు సైనస్. అవును, ముక్కు పక్కన నొప్పి పెట్టే సైనస్ కూడా ఈ మాటే. లాటిన్‌లో వంపు, ఒడి అని అర్థం. పూజ చేసేటప్పుడు దీని వెనక భాగాన్నే తల మీదికి లాక్కునేవారు. రోములో పలాజో మాసిమో మ్యూజియంలో ఉన్న అగస్టస్ విగ్రహంలో సరిగ్గా అదే కనపడుతుంది.

ఆఖరిది, అన్నిటికన్నా మొండిది, ఉంబో. మొదట వదిలిన మొన బల్తెయుస్ కింద నలిగి ఉంది కదా. రెండు వేళ్లు పైనుంచి దూర్చి, ఆ లోపలి బట్టను పిడికెడు పైకి లాగి, బల్తెయుస్ మీద చిన్న సంచిలా వాలనివ్వండి. అలంకారమే అనుకోకండి, కింది పొరనూ పై పొరనూ కలిపి పట్టేది ఇదే. ఎక్కువ లాగితే కింద మొన మోకాలి మీదికి ఎగిరిపోతుంది. రెండు మూడుసార్లు విప్పి కట్టాల్సిందే. ఈ మడతల విషయంలో రోములో పేరుమోసిన వక్త సిసిరోకి పోటీ వకీలు హోర్టెన్సియస్‌ని మించినవాడు లేడు. అద్దం ముందు నిలబడి కట్టుకునేవాడు. ఇరుకు దారిలో తోటి అధికారి తగిలి భుజం మీది మడత చెదిరిందని అతని మీద కేసే పెట్టాడట!

ఎడమ మోచెయ్యి ఇప్పుడు లంబకోణంలో మడవండి. ముంజేతి మీద రెండు పొరల అంచూ సమానంగా కూర్చోవాలి. అద్దంలో చూసుకుంటే ముందు అంచు పిక్క మధ్యకి, వెనకది ఇంకాస్త పైకి రావాలి. నడిచి చూడండి, చిన్న అడుగులే. చెయ్యి చాపారా, అంతే సంగతులు. క్రీస్తుపూర్వం 133లో రోము ప్రజానాయకుడు టైబీరియస్ గ్రాకస్‌ని తరుముతూ ఎవరో టోగా పట్టుకుంటే, దాన్ని వదిలేసి ట్యూనిక్‌తోనే పరుగెత్తాడు. బతకలేదు పాపం, కానీ విదిలించుకోవడం ఎంత తేలికో చూడండి.

మాట్లాడుతుండగా జారితే? ప్రసంగం మొదట్లోనే జారి, సర్దుకోకపోతే అది అలసత్వం. ముగింపుకి వచ్చి, వేడెక్కాక జారితే తప్పు లేదు, చూడ్డానికీ బాగుంటుందంటాడు మన గురువు.

విప్పడం తిరుగు వరుసలో: ముందు ఉంబో వదులు చేసి, వెనక కొస తీసి, కుడి చంక కింద నుంచి విప్పుకుంటూ రండి. కుచ్చిళ్లు మాత్రం చెరపకండి. తొలినాటి క్రైస్తవ రచయిత టెర్టులియన్ రాసిన దాన్ని బట్టి, ముందురోజే మడతలు పెట్టి, లిండెన్ చెట్టు పలకల మధ్య ఉంచి, ఉంబోని పట్టకార్లతో బిగించేవారు. మనం రెండు వెదురు బద్దలు, నాలుగు బట్టల క్లిప్పులు వాడదాం. క్లిప్పుకీ ఉన్నికీ మధ్య ఒక గుడ్డముక్క పెట్టండి. లేకపోతే పొద్దున్నకి పళ్ల అచ్చు పడుతుంది, అదీ ఛాతీ మీద, అందరి కళ్లూ పడేచోట.