అమెరికాలో పిల్లల సాకర్: ఫీజు అమ్మానాన్నలది, మరి ఆట ఎవరిది?

[తెర మీద: టెక్సస్ మ్యాప్. నాకడోచెస్ నుంచి డాలస్ దాకా ఒక గీత]

తూర్పు టెక్సస్‌లో నాకడోచెస్ అనే ఊరుంది. 1990ల్లో అక్కడ ఒక కుటుంబం తాతగారి పెరట్లో ట్రైలర్ (చక్రాల మీది ఇల్లు) పెట్టుకుని కాపురం ఉండేది. ఆ ఇంటి అబ్బాయి మెక్సికో వలస కుటుంబాల పిల్లలతో ఆడుతూ సాకర్, అంటే మన ఫుట్‌బాల్, నేర్చుకున్నాడు. బాగా ఆడుతున్నాడు, మంచి క్లబ్బులో వెయ్యాలి. ఆ క్లబ్బేమో డాలస్‌లో ఉంది. పోను మూడు గంటలు, రాను మూడు గంటలు. పైగా అక్క టెన్నిస్‌లో రాణిస్తోంది. ఇద్దరి ఆటల ఖర్చూ తట్టుకోలేక అబ్బాయిని క్లబ్బు మాన్పించారు. 1995లో ఆ అక్క మెదడులో రక్తనాళం చిట్లి హఠాత్తుగా చనిపోయింది. తర్వాత జట్టులోని మిగతా పిల్లల తల్లిదండ్రులు ఖర్చులకు మేమూ సాయం పడతామని ముందుకొచ్చారు. అబ్బాయి మళ్లీ బూట్లు కట్టాడు.

అతనే క్లింట్ డెంప్సీ. మూడు వరల్డ్ కప్పుల్లో గోల్స్ చేశాడు. దేశం తరఫున 57 గోల్స్‌తో మరో అమెరికా ఆటగాడు లాండన్ డోనవన్‌తో సమానంగా నిలిచాడు.

ఇప్పుడు ఒక్క ప్రశ్న. ఆ తల్లిదండ్రులు ముందుకు రాకపోయి ఉంటే? అలా ఎవరూ ముందుకు రాని పిల్లల పేర్లు మనకు ఎప్పటికీ తెలియవు. ఈ వీడియో వాళ్ల గురించే.

[తెర మీద: ఒక క్లబ్బు ఫీజు రసీదు, నమూనా]

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లకు ఈ రసీదు కొత్తేం కాదు. ఫ్రిస్కోలోనో, ప్లేనోలోనో, ఎడిసన్‌లోనో పిల్లాణ్ని ట్రావెల్ టీమ్‌లో (వేరే ఊళ్లకు వెళ్లి ఆడే జట్టులో) వేశారంటే ఏడాదికి క్లబ్బు ఫీజే రెండు మూడు వేల డాలర్లు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. యూనిఫామ్ కిట్ వేరు. టోర్నమెంట్ ఫీజు వేరు. శని, ఆదివారాల్లో ఇంకో ఊరికి ప్రయాణం, హోటల్ గది. కొన్ని టోర్నమెంట్లలో వాళ్లు చెప్పిన హోటల్లోనే దిగాలి, బయట చవగ్గా దొరికినా కుదరదు. దీన్ని ‘స్టే టు ప్లే’ అంటారు. ఇద్దరు సాఫ్ట్‌వేర్ జీతాలున్న ఇంట్లో ఇది భారమైనా నెట్టుకురావచ్చు. గంటల లెక్కన కూలి వచ్చే ఇంట్లో, శనివారం కూడా పనికి వెళ్లే తల్లి ఉన్న ఇంట్లో సాధ్యం కాదు.

యూరప్‌లో, దక్షిణ అమెరికాలో పెద్ద క్లబ్బుల అకాడమీలు ప్రతిభ ఉన్న పిల్లల మీద తమ డబ్బే పెడతాయి. రేపు వాడు పెద్ద ఆటగాడై అమ్ముడుపోతే పెట్టుబడి తిరిగొస్తుంది. అంటే పిల్లాడు బాగుపడితేనే క్లబ్బుకు లాభం. అమెరికా క్లబ్బుకు లాభం వచ్చేది వచ్చే ఏడాది కూడా అమ్మానాన్నలు ఫీజు కడితేనే. నా దృష్టిలో మిగతా జబ్బులన్నీ ఇక్కడి నుంచే పుడుతున్నాయి.

ఎలాగో చూద్దాం. పదేళ్ల పిల్లల మ్యాచ్. డబ్బు కట్టిన తల్లిదండ్రులు సైడ్‌లైన్ మీద నిలబడి ఉన్నారు. జట్టు ఓడిపోతుంటే సీజన్ చివర్లో నలుగురు పక్క క్లబ్బుకు మారిపోతారు. కోచ్‌కి అది తెలుసు. అందుకే డిఫెన్స్ నుంచి చిన్న పాస్‌లతో ఆట కట్టమని చెప్పడు, అందులో తప్పులు దొర్లుతాయి, గోల్స్ పడతాయి. బంతిని ముందుకు బాదమంటాడు, వయసుకు మించి ఎదిగిన పొడుగు పిల్లాడు పరిగెత్తి గోల్ కొడతాడు. జట్టు గెలుస్తుంది. బంతిని చక్కగా అదుపు చేయగలిగిన సన్నపాటి పిల్లాడు మాత్రం బెంచ్ మీదే ఉంటాడు. పదహారేళ్లకు అందరూ ఒకే ఎత్తుకు వచ్చేసరికి ఆ పొడుగు పిల్లాడి దగ్గర వేరే ఆయుధం ఉండదు. సన్నపాటి వాడు ఎప్పుడో ఆట మానేసి ఉంటాడు.

దీనికి పుట్టిన నెల కూడా తోడైంది. 2017 నుంచి జట్లను క్యాలెండర్ సంవత్సరం ప్రకారం కట్టారు. జనవరిలో పుట్టినవాడూ డిసెంబర్‌లో పుట్టినవాడూ ఒకే జట్టు. ఎనిమిదేళ్ల వయసులో పదకొండు నెలల తేడా చాలా పెద్దది. 2026-27 సీజన్ నుంచి చాలా లీగుల్లో ఆగస్టు 1 కటాఫ్‌కు మారాలని నిర్ణయించారు, అంటే ఆగస్టు నుంచి మరుసటి జూలై దాకా పుట్టినవాళ్లు ఒకే జట్టు. క్లాస్‌మేట్లు ఒకే జట్టులో ఉంటారు కాబట్టి మంచిదే. కానీ డిసెంబర్ పిల్లాడికి జరిగిన అన్యాయం ఇకపై జూలై పిల్లాడికి జరుగుతుంది, అంతే. పుట్టిన తేదీని పక్కనపెట్టి శరీర ఎదుగుదలను బట్టి అప్పుడప్పుడైనా జట్లు కట్టి ఆడించడమే దీనికి అసలు మందు. కొన్ని అకాడమీలు చేస్తున్నాయి. ఊరి క్లబ్బుల దాకా రావాలి.

లీగుల గందరగోళం గురించి ఎక్కువ చెప్పను. అమెరికా సాకర్ ఫెడరేషన్ 2007లో పెట్టిన డెవలప్‌మెంట్ అకాడమీ అనే పిల్లల లీగును 2020లో మూసేసింది. దాని జాగాలో ఎంఎల్ఎస్ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్ మేజర్ లీగ్ సాకర్) నడిపే ఎంఎల్ఎస్ నెక్స్ట్ వచ్చింది, మరోపక్క ఈసీఎన్ఎల్ అనే ఇంకో పిల్లల లీగ్ ఉంది, ఇంకా అరడజను పేర్లున్నాయి. ప్రతి పేరుకూ ముందో వెనకో ‘ఎలీట్’, ‘ప్రీమియర్’. మన కార్పొరేట్ కాలేజీల్లో సెక్షన్ల లాగే, కింది జట్ల పిల్లలు కట్టే ఫీజులతోనే పై జట్టుకు మంచి కోచ్ వస్తాడు.

[తెర మీద: 10 అక్టోబర్ 2017. ట్రినిడాడ్ అండ్ టొబాగో 2, అమెరికా 1]

ఆ రాత్రి ఓటమితో అమెరికా పురుషుల జట్టు 2018 వరల్డ్ కప్‌కు అర్హతే సాధించలేకపోయింది. అప్పటి నుంచి ఈ ఫీజుల పద్ధతి మీద చర్చ ఇంటింటి చర్చ అయింది.

మరి మహిళల జట్టు 1991, 1999, 2015, 2019లో వరల్డ్ కప్ గెలిచింది కదా, ఇదే పద్ధతిలో కదా అని మీరు అడగొచ్చు. ఆ విజయాల వెనుక చదువుల్లో ఆడ, మగ వివక్ష చూపకూడదన్న 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ఉంది. దాని వల్ల కాలేజీల్లో ఆడపిల్లల ఆటలకు చోటు, స్కాలర్‌షిప్పులు వచ్చాయి. బ్రెజిల్‌లో 1979 దాకా ఆడవాళ్ల ఫుట్‌బాల్ మీద నిషేధమే ఉంది. ఇప్పుడు మిగతా దేశాలూ మేల్కొన్నాయి. 2023లో అమెరికా ప్రీక్వార్టర్స్‌లోనే స్వీడన్ చేతిలో ఇంటిదారి పట్టింది.

సరే, ఏం మార్చాలి?

మొదటిది డబ్బు దారి. ఫిఫా నియమం ప్రకారం ఆటగాడు ఒక దేశం నుంచి ఇంకో దేశం క్లబ్బుకు అమ్ముడైతే, ఆ ధరలో 5 శాతం అతన్ని 12 నుంచి 23 ఏళ్ల మధ్య పెంచిన క్లబ్బులకు పంచాలి. దీన్ని సాలిడారిటీ చెల్లింపు అంటారు. 12 నుంచి 15 దాకా ఏడాదికి 0.25 శాతం, ఆ పైన 0.5 శాతం. పెన్సిల్వేనియాలోని హెర్షీలో పుట్టిన ఆటగాడు క్రిస్టియన్ పులిసిక్‌ను 2019 జనవరిలో ఇంగ్లండ్ క్లబ్బు చెల్సీ ఒక జర్మనీ క్లబ్బు నుంచి 6.4 కోట్ల యూరోలకు కొన్నది. అలాంటి అమ్మకంలో, 12 నుంచి 15 దాకా నాలుగు సీజన్లు పెంచిన క్లబ్బు వాటా లెక్కకట్టండి: 1 శాతం, అంటే 6.4 లక్షల యూరోలు. మూడు వేల డాలర్ల ఫీజు చొప్పున రెండొందల మందికి పైగా పిల్లలు ఏడాదంతా ఉచితంగా ఆడొచ్చు.

అమెరికాలో మాత్రం ఫెడరేషన్ చాలా ఏళ్లు ఈ నియమాన్ని పక్కనపెట్టింది. పోటీ చట్టాలు అడ్డొస్తాయన్నది వాళ్ల వాదన. డెంప్సీని పెంచిన డాలస్ టెక్సన్స్, అమెరికా జట్టు ఆటగాడు డీఆండ్రే యెడ్లిన్ చిన్నప్పుడు ఆడిన క్రాస్‌ఫైర్, ఇంకా షికాగో సాకర్స్ మా వాటా మాకివ్వండని ఫిఫా దాకా వెళ్లాయి. 2019లో ఎంఎల్ఎస్ కూడా తన అకాడమీల కోసం ఈ డబ్బు అడుగుతామని ప్రకటించింది. లీగ్‌కు న్యాయమైనది ఊరి క్లబ్బుకూ న్యాయమే కావాలి. వచ్చిన వాటాతో ఫీజు మాఫీలు ఇవ్వాలన్న షరతు కూడా పెట్టాలి, లేకపోతే ఆ డబ్బు ఆఫీసు ఖర్చుల్లో కలిసిపోతుంది.

ఎంఎల్ఎస్ అకాడమీల్లో చాలావాటిలో ఫీజు లేదు, అది నిజమైన ముందడుగు. ఎల్ పాసో దగ్గర శాన్ ఎలిజారియోలో పెరిగిన రికార్డో పెపీ ఎఫ్‌సీ డాలస్ అకాడమీ నుంచే జర్మనీ దాకా వెళ్లాడు. కానీ ఆ లీగ్‌లో అమెరికా క్లబ్బులు 27. ముప్ఫై మూడు కోట్లు దాటిన జనాభాకు 27. ఎల్ పాసో నుంచి డాలస్ వెయ్యి కిలోమీటర్లు.

రెండోది మైదానం. యూఎస్ సాకర్ ఫౌండేషన్ 2026 నాటికి వెయ్యి మినీ పిచ్‌లు (చిన్న సాకర్ మైదానాలు) వేయాలని లక్ష్యం పెట్టుకుంది. వాడకంలో లేని టెన్నిస్ కోర్టులు, స్కూలు ఆవరణలు బాగుచేసి, లైట్లు పెట్టి పిల్లలకు వదిలేయడం. ఫీజు లేదు, సైడ్‌లైన్ మీద అరుపులు లేవు. నాకు అన్నిటికంటే ఇష్టమైన సంస్కరణ ఇదే. డెంప్సీ ఆట పుట్టింది ఇలాంటి చోటే.

జర్మనీ 2000 సంవత్సరంలో యూరో కప్ (యూరప్ దేశాల టోర్నమెంట్) గ్రూప్ దశలోనే ఓడిపోయాక దేశమంతటా 366 శిక్షణ కేంద్రాలు పెట్టింది. కోచ్‌లే పిల్లల ఊళ్ల దగ్గరికి వెళ్లారు. 2014లో ప్రపంచకప్ గెలిచారు. అమెరికా రాష్ట్ర సంఘాలు ఇందులో సగం చేసినా నాకడోచెస్ పిల్లాడికి ఆరు గంటల ప్రయాణం తప్పుతుంది.

ఇక అక్కడ పిల్లల్ని ఆడిస్తున్న మీకు. వచ్చే ట్రైఔట్‌కు (జట్టు ఎంపికకు) వెళ్లినప్పుడు గెలిచిన ట్రోఫీల సంగతి వదిలేసి కోచ్‌ని మూడు విషయాలు అడగండి. బెంచ్ మీది పిల్లాడికి మ్యాచ్‌కు ఎన్ని నిమిషాలు ఆడే అవకాశం వస్తుంది? క్లబ్బులో ఫీజు లేకుండా ఆడుతున్న పిల్లలు ఎంతమంది? ప్రాక్టీస్‌కు రావడానికి కారు లేని పిల్లాణ్ని ఎవరు తీసుకొస్తున్నారు? మూడోదానికి జవాబు రాకపోతే, మీ కారులో ఒక సీటు ఖాళీగా ఉందని చెప్పండి.