తేనెమైనం మూత మాత్రమే

తేనెమైనం రాసుకుంటే చర్మానికి తేమ అందుతుందని చెప్పేవారిని చూసినప్పుడల్లా నాకు విసుగు కలుగుతుంది. మూత పెట్టినంత మాత్రాన ఖాళీ కుండలో నీరు ఊరదు. తేనెమైనం అటువంటి మూత మాత్రమే.

చర్మపు పైపొరలో మృతకణాల నడుమ ఉండే కొవ్వు పదార్థాలు సందులను పూడ్చి, లోపలి నీరు ఆవిరైపోకుండా కాపాడతాయి. అవి తగ్గినప్పుడు చర్మం పగుళ్లు తేలిన కుండలా మారి, ఉన్న నీటిని పోగొట్టుకోవడమే కాక సబ్బు వంటి వాటిని లోపలికి రానిస్తుంది. పొడి చర్మంలో దురద పుట్టడానికి ముఖ్యకారణం ఇదే. శ్రామిక తేనెటీగల పొట్ట అడుగున ఉన్న 8 గ్రంథుల నుంచి స్రవించే మైనం, నూనెతో కలిసి ఆ పగుళ్ల మీద పలుచగా పరచుకుంటుంది. కనుక కుండలో నీరుండగానే మూత పెట్టాలి, అంటే స్నానం తరువాత ఒళ్లు అద్దుకుని, చెమ్మ ఆరకముందే రాసుకోవాలి. పూర్తిగా ఆరిన చర్మానికి రాసి ఫలితం లేదనడం మైనం మీద వేసే నింద.

1 వంతు మైనానికి 4 వంతుల నూనె చేర్చి, వేడినీటి గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించాలి. మైనం 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ మధ్యే కరుగుతుంది కాబట్టి నేరుగా మంట మీద పెట్టవలసిన అవసరమే లేదు. రెండో శతాబ్దపు వైద్యుడు గాలెన్ పేరిట చెప్పే లేపనంలో పన్నీరు (గులాబీ నీరు) కూడా ఉంటుంది. అయితే నీరు కలిసిన లేపనంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి కనుక, ఇంట్లో చేసుకునేవారికి నీరు లేనిదే మేలు.

తేనె సంగతి వేరు. అందులో సుమారు 80 శాతం చక్కెరలే కావడం వల్ల అది నీటిని పట్టి ఉంచుతుంది, కానీ కడిగేయగానే ఆ గుణమూ కొట్టుకుపోతుంది. కడిగిన వెంటనే మూత పెట్టకపోతే శ్రమంతా వృథా. నా మటుకు నేను తేనెను తినడానికే ఇష్టపడతాను.

ప్రొపోలిస్ గురించి కూడా క్లుప్తంగా చెబుతాను. తేనెటీగలు చెట్ల మొగ్గల నుంచి సేకరించే ఈ జిగురు కొందరిలో అలర్జీ కలిగించి, ఉన్న దురదను మరింత పెంచుతుంది. దాని జాడలు మైనంలోనూ ఉండవచ్చు. అందుచేత ఏ లేపనాన్నైనా ముందుగా మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు, వారం పాటు రాసి చూడండి. చర్మం చిట్లి రసి కారుతున్న చోట మాత్రం వీటిలో ఏదీ రాయకుండా చర్మవైద్యుడికి చూపించండి.