బట్టల షాపు సంచి గుడ్డది కాదు

[దృశ్యం: వంటింటి తలుపు వెనక కొక్కేనికి ఉబ్బిపోయిన సంచి. లోపలంతా మడతపెట్టిన సంచులే.]

వాయిస్: సంచి నిండా సంచులు. మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. అయినా నిన్న టమాటాలకు ఉత్త చేతులతో వెళ్లి, "అన్నా, ఒక కవరివ్వవా" అని అడిగింది నేనే.

[దృశ్యం: రంగు సంచి అంచుని వేళ్లతో లాగుతూ, దగ్గరగా.]

వీటిలో సగం బట్టల షాపులు ఇచ్చినవి. ముట్టుకుంటే గుడ్డలాగే ఉంటాయి. కానీ దగ్గరగా చూడండి, పడుగూ లేదు, పేకా లేదు. నేసింది కాదిది. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పోగుల్ని వేడితో అతికించిన షీటు. అందుకే 2021 నాటి కేంద్ర నిబంధనలు వీటికీ హద్దు పెట్టాయి: చదరపు మీటరుకు కనీసం 60 గ్రాములు తూగాలి. మామూలు కవర్లయితే 2022 డిసెంబర్ 31 నుంచి కనీసం 120 మైక్రాన్ల మందం ఉండాలి (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). మందంతో పనేంటంటారా? పల్చటి కవరు ఒక్కసారికే చిరుగుతుంది. చెత్త ఏరుకునేవాళ్లు కూడా దాన్ని వదిలేస్తారు, తూకం రాదు కదా!

[తెర మీద: 131]

సరే, కొత్త నూలు సంచి కొంటే? బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో ఒక లెక్క ఇచ్చింది. భూమిని వేడెక్కించే విషయంలో, ఒక్కసారి వాడి పారేసే పల్చటి కవరుతో సమానం కావాలంటే నూలు సంచిని 131 సార్లు వాడాలి. పత్తి పండించాలి, వడకాలి, నేయాలి మరి. వారానికి రెండుసార్లు బజారుకెళ్తే ఏడాది దాటుతుంది. కాలవలో అడ్డుపడే కవరు, ఆవు కడుపులోకి పోయే కవరు ఈ లెక్కలో లేవనుకోండి. అయినా ఫంక్షన్‌కో కొత్త సంచి పంచడం నాకు నచ్చదు.

[దృశ్యం: కుట్టు మిషన్ మీద పాత జీన్స్ ప్యాంటు.]

మోకాలి దగ్గర చిరిగిన ప్యాంటుకి కొత్తగా పత్తి పండించక్కర్లేదు. కాళ్లు కత్తిరించి, అడుగు కుట్టించి, నడుం పట్టీని పిడిగా వేయిస్తే ఐదు కిలోల బియ్యం మోస్తుంది. చేపలకి, చికెన్‌కి మాత్రం సంచి వద్దు, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా తీసుకెళ్లండి.

[దృశ్యం: స్కూటర్ సీటు ఎత్తగానే మడతపెట్టిన సంచి.]

తలుపు వెనక ఉన్నంతకాలం మర్చిపోయేదాన్ని. ఇప్పుడు దాని చోటు ఇక్కడ, హెల్మెట్ కింద.