మెదడులో గడ్డ: సీటీ, ఎంఆర్ఐ, పెట్ చెప్పగలిగినంత

సభకు నమస్కారం. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో రోగి తలకు మొట్టమొదటి సీటీ స్కాన్ తీసినప్పుడు వైద్యులు వెతికింది మెదడు కణితినే. నుదుటి వెనుక భాగంలో అది కనిపించింది. అంతకుముందు రక్తనాళాల్లోకి మందు ఎక్కించో, మెదడు గదుల్లో గాలి నింపో లోపలి సంగతి ఊహించవలసి వచ్చేది.

ఈనాటికీ శ్రీకాకుళంలో మూర్ఛతోనో, వాంతులతో కూడిన తలనొప్పితోనో వచ్చిన రోగికి ముందుగా సీటీ తీయడం సబబే. రక్తస్రావం, నీరు చేరడం, గడ్డలో పేరుకున్న కాల్షియం అందులో నిమిషాల్లో తేలిపోతాయి. అయితే చిన్నమెదడు చుట్టూ ఉన్న దట్టమైన ఎముక వల్ల చిత్రంలో చారలు పడి చిన్న గడ్డలు మరుగున పడతాయి గనుక, నడక తడబడుతున్న పిల్లవాణ్ని 'సీటీ నార్మల్' అన్న కాగితం చూసి ఇంటికి పంపడం ప్రమాదకరం.

మెత్తని కణజాలంలో తేడాలు చూపడంలో ఎంఆర్ఐకి సాటి లేదు. రక్తానికీ మెదడుకూ మధ్యనున్న అడ్డుగోడ దెబ్బతిన్న చోట గాడోలినియం మందు చేరి తెల్లగా మెరుస్తుంది. మన దగ్గర అసలు చిక్కు ఇక్కడే: ఉంగరంలా మెరిసే గడ్డ గ్లయోబ్లాస్టోమా అనే ప్రాణాంతక మెదడు కణితి కావచ్చు, క్షయ గడ్డ కావచ్చు, బద్దెపురుగు తిత్తి కావచ్చు, చీముగడ్డ కూడా కావచ్చు. చిక్కటి చీములో నీటి అణువులు స్వేచ్ఛగా కదలలేవు కాబట్టి ఆ కదలికను చూపే ఎంఆర్ఐ డిఫ్యూజన్ చిత్రంలో చీముగడ్డ నడిమి భాగం వెలుగుతుంది; కుళ్లిన కణితి నడుమ సాధారణంగా ఆ వెలుగు ఉండదు. కణజాలంలోని రసాయనాలను శిఖరాలుగా గీసి చూపే స్పెక్ట్రోస్కోపీలో కోలిన్ అనే రసాయనం బాగా పెరిగితే అనుమానం కణితి వైపు, కొవ్వు శిఖరమే ప్రధానంగా నిలిస్తే క్షయ వైపు మొగ్గుతుంది. అయినా చాలా సందర్భాల్లో చివరి మాట ముక్క తీసి పరీక్షించే బయాప్సీదే.

మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంత రోగుల విషయంలో మరో జాగ్రత్త అవసరం. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారిలో గాడోలినియం పాత రకాలు చర్మాన్నీ, లోపలి అవయవాలనూ గట్టిపరచే జబ్బుకు దారితీస్తాయని 2006లో బయటపడింది. గాడోలినియంను గట్టిగా పట్టి ఉంచే కొత్త మాక్రోసైక్లిక్ రకాలతో ఆ ముప్పు చాలా తక్కువ. కాబట్టి కవిటి నుంచో సోంపేట నుంచో వచ్చినవారికి మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూసి తగిన రకాన్ని ఎంచుకోవాలే గాని, భయపడి ఈ కాంట్రాస్ట్ మందునే మానేయడం నా దృష్టిలో రోగికి చేసే అన్యాయం.

ఇక, ఒంట్లోకి ఎక్కించిన రేడియోధార్మిక మందు ఎక్కడ చేరిందో చూపే పెట్ స్కాన్. మెదడు స్వతహాగానే గ్లూకోజును విపరీతంగా వాడుకుంటుంది. అందుకే ఒంట్లో మరోచోట క్యాన్సర్‌ను చక్కగా పట్టించే, గ్లూకోజు లాంటి ఎఫ్‌డీజీ మందు ఇక్కడ తడబడుతుంది. రేడియేషన్ తర్వాత కనిపించే మచ్చ తిరిగి వచ్చిన కణితా, చచ్చిన కణజాలమా అని తేల్చడానికి అమైనో ఆమ్లాల మందుతో తీసే పెట్ ఎక్కువ అక్కరకొస్తుంది.

కనుక వైద్య మిత్రులారా, స్కాన్ చీటీ మీద 'ఎంఆర్ఐ బ్రెయిన్' అని రాసి వదిలేయకండి. జ్వరం, మూర్ఛ, ఇంట్లో క్షయ, క్రియాటినిన్ విలువ, ఇదివరకటి రేడియేషన్ రాస్తేనే డిఫ్యూజన్‌తో పాటు ఇంకేం తీయాలో, ఏ మందు ఇవ్వాలో రేడియాలజిస్టు రోగి బల్ల మీద ఉండగానే నిర్ణయించగలరు.